వానచినుకు, మట్టికణిక

అనంతపురమునుండి కల్యాణదుర్గము మీదుగా రాయదుర్గమునకు పోవు త్రోవలో, ఎఱ్ఱనేలల పల్లెలయందు, సున్నము కొట్టిన గోడలను తొలకరి తరువాత చూచినచో, నేలనుండి మోకాటియెత్తు వఱకు ఇటుకరంగు చాఱ యొకటి గోడ పొడవునను అంటియుండుట కనబడును. సంక్రాంతికి దానిపై సున్నము పూయుదురు. జ్యేష్ఠమున అది మరల వచ్చును. అక్కడ ఏ వాగును పొంగి గోడను తాకలేదు, ఏ బండియు బురద చిమ్మలేదు. గోడముందటి బయలునేలపై నిలువున పడిన చినుకులే ఆ మట్టిని అంత యెత్తునకు ఎగజిమ్మినవి. అదే యూరి పొలిమేరలో, దున్ని విడిచిన వాలుచేనిలో వంగి చూచినచో ఇంకొక వింత కానవచ్చును. చిన్న చిన్న గులకరాళ్ళు, ఒక్కొక్కటియు వడ్లగింజను నిలువున నిలిపినంత యెత్తుగల మట్టిగద్దెపై కూర్చుండి యుండును. రాయి గొడుగుపట్టిన మేర మట్టి నిలిచినది, చుట్టునున్నది దిగిపోయినది. ఆ గద్దె యెత్తును కొలిచినవానికి ఆ చేనిలో ఆ వానలకు పోయిన మట్టి యెంతయో తెలియుటకు వేఱొక పరికరము అక్కఱలేదు.

భూక్షయ మనగానే మన తలంపు గండిపడిన గట్టుమీదికిని, వంకలు కోసిన గనిమలమీదికిని పోవును. ప్రవాహమే దొంగ యని చిరకాలము శాస్త్రజ్ఞులును నమ్మిరి. అమెరికాలో 1930వ దశకమున ధూళితుపానులు మైదానప్రాంతములను పాడుచేసిన పిమ్మట, 1935లో అక్కడి కాంగ్రెసు మృత్తికాసంరక్షణమునకు ప్రత్యేకముగ చట్టము చేసి, దానికొక ప్రభుత్వశాఖను నెలకొల్పినప్పుడును, గట్లు, కాలువలు, మెట్లుగ తీర్చిన పొలములు అనునవే ముఖ్యసాధనములుగ ఎంచబడెను. 1944లో ఎల్లిసన్ అను నతడు చినుకు పాటునుగూర్చి తన పరిశీలనములను ప్రకటించిన తరువాతనే, దొంగతనము రెండంచెలుగ జరుగుచున్నదనియు, మొదట చినుకు మట్టికణికను పగులగొట్టి వదులుచేసిన పిమ్మటనే పాఱునీరు దానిని మోసికొని పోవుచున్నదనియు స్పష్టమైనది. అయిదు మిల్లీమీటర్ల వ్యాసముగల వానచినుకు నేలను తాకునప్పటి వేగము సెకనునకు తొమ్మిది మీటర్లు. ఒక హెక్టారు చేనిలో ఒక సెంటీమీటరు వాన కురిసినదనగా నూఱు టన్నుల నీరు ఆ తీరున కూలినదని అర్థము. పలుచగా పాఱు నీటికి మట్టిని పెకలించు బలము మిక్కిలి తక్కువ. పెకలించి చేతికిచ్చినదానిని మోయుటకు మాత్రము దానికి బలము చాలును.

కావున భూక్షయమునకు వైద్యము గట్టుదగ్గఱ ఆరంభము కారాదు, కణికదగ్గఱ ఆరంభము కావలెనని నా తలంపు. గట్టు అనవసరమని నేననుట లేదు. దాని మాట ముందు వచ్చును. కాని గట్టు పాఱునీటిని ఆపును, చినుకును ఆపజాలదు. చినుకును ఎదుర్కొనవలసినది మట్టికణికయే, అనగా ఇసుక, ఒండ్రు, బంకమట్టి రేణువులు కొన్ని వందలు వేలు ఒకదానినొకటి పట్టుకొని ఏర్పడిన చిన్న ముద్ద. ఆ పట్టు గట్టిదైనచో నీరు కణికల సందులగుండ లోనికి దిగును. పట్టు వదలినచో చెదరిన సన్నని రేణువులు ఆ సందులను పూడ్చి, ఎండ కాయగానే నేలపై పెచ్చుగట్టి, తరువాతి వానను లోపలికి రానీయక పైపైననే త్రోలివేయును. వేరుశనగ విత్తిన రెండుమూడు దినములలో జడివాన కురిసి వెంటనే ఎండ పట్టినప్పుడు మొలక పైకి రాలేక లోపలనే ముడుచుకొనుట చూచినవారికి ఈ పెచ్చు సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

కణిక బలమును పరీక్షించుటకు గాజుగ్లాసు చాలును. ఎడతెగక దున్నుచున్న చేనినుండి శనగగింజంత మట్టికణిక నొకదానిని, అదే చేని గట్టున గడ్డివేళ్ళక్రింది నుండి అంతియే కణికను తెచ్చి, రెండింటిని నీడను ఆరనిచ్చి, రెండు గ్లాసులలో వాననీరు పోసి మెల్లగ జాఱవిడువవలెను. చేనిలోని కణికనుండి మొదట సన్నని గాలిబుడగలు లేచును. పొడిమట్టి సందులలో చిక్కిన గాలి, నాలుగు వైపులనుండి నీరు చొచ్చుకొని వచ్చుటచే నలిగి, కణికను లోపలినుండి చీల్చుచున్నదన్నమాట. నిమిషములో అది కుప్పకూలి పిండిగా పఱచుకొనును. కొన్ని నేలలలో అంతటితో ఆగదు. కూలినదాని చుట్టు పాలపొగవంటి ఎఱ్ఱని మబ్బు క్రమ్మి గంటలు గడచినను దిగదు. కూలుట వేఱు, ఈ మబ్బు క్రమ్ముట వేఱు. మొదటిది జిగురు లేమివలనను, రెండవది బంకరేణువుల నడుమ విద్యుదాకర్షణము చాలకపోవుటవలనను కలుగును. గడ్డివేళ్ళక్రింది కణిక మఱునాటికిని గ్లాసు అడుగున తన యాకారముతో కూర్చుండియుండుట తఱచు. రెండును ఒకే నేల, ఒకే రంగు, నాలుగడుగుల దూరము.

పోవునదేమి యను ప్రశ్నకు టన్నుల లెక్క సరియైన సమాధానము కాదు. డెహరాడూన్‌లోని మృత్తికాసంరక్షణ పరిశోధనసంస్థకు చెందిన ధ్రువనారాయణ, రాంబాబు అను శాస్త్రజ్ఞులు 1983లో వేసిన అంచనా ప్రకారము మన దేశమున ఏటేట 533 కోట్ల టన్నుల మట్టి తన చోటు వదలి పోవుచున్నది. హెక్టారునకు సగటున పదునాఱు టన్నుల పైచిలుకు. అందు నూటికి ఇరువదితొమ్మిది పాళ్ళు సముద్రము పాలగుచున్నవి, పదిపాళ్ళు జలాశయములలో చేరుచున్నవి, తక్కినది ఒక చోటినుండి ఇంకొక చోటికి జరుగుచున్నది. వినుటకు ఇది భయంకరముగ నున్నను, హెక్టారునకు పదునాఱు టన్నులనగా ఒక్క మిల్లీమీటరు మందమునకు కొంచె మెక్కువ. ఏ రైతు కన్నును దానిని పట్టజాలదు. అసలు నష్టము తూకమున లేదు. నీరు బరువైన ఇసుకను విడిచి, తేలికయైన బంకను, సేంద్రియపు తునుకలను ముందుగ ఎత్తుకొనును; భాస్వరము అంటియుండునది ఆ బంకరేణువులకే, నత్రజని దాగియుండునది ఆ సేంద్రియపదార్థమునందే. అందుచేతనే చేనినుండి పోయిన మట్టిని పట్టి పరీక్షించినప్పుడు, చేనిలో మిగిలినదానికంటె అది సారవంతమై యుండుట దాదాపు ప్రతిచోటను కనబడుచున్నది. మీగడ పోయి నీళ్ళపాలు మిగిలిన కుండవలె, చేను చూపునకు నిండుగనే యుండును.

ఇక మందుల మాట. అన్నిటికంటె పాతది పెంట, అన్నిటికంటె అధికముగ అపార్థము చేసికొనబడినదియు అదియే. పశువుల యెరువు వేయుట పైరుకు ఆహారము పెట్టుట యని మాత్రమే మన మెంచుదుము. నత్రజని యొక్కటే కావలెనన్న ఒక బస్తా యూరియాలో ఉన్నంత నత్రజని అయిదు బండ్ల పెంటలోనైన నుండునో లేదో! కాని యూరియా కణికను కట్టజాలదు. పెంట నేలలో కుళ్ళునప్పుడు దానిని తిని పెరుగు సూక్ష్మజీవులు స్రవించు జిగురును, సన్నని నూలువలె అల్లుకొను శిలీంధ్రతంతువులును కణికను కట్టును. వానపాము తన కడుపులోనుండి వెడలించు మట్టిపోగులు గ్లాసుపరీక్షలో చెక్కుచెదరకుండ నిలుచును. రాయలసీమలో వేసవిని గొఱ్ఱెలమంద కట్టించుకొని, రాత్రికింత యని గొల్లలకు, కురుబలకు ధాన్యమో పైకమో ఇచ్చిన పూర్వులు ఈ తంతువుల సంగతి ఎఱుగరు గాని, మంద కట్టిన మడిలో విత్తనము తేలికగ మొలకెత్తుట ఎఱుగుదురు. చిక్కెక్కడ ననగా, మన యెండలకు సేంద్రియపదార్థము శీతదేశములకంటె ఎన్నోరెట్లు శీఘ్రముగ కరిగిపోవును. ఒకసారి వేసిన పెంట ప్రభావము రెండుమూడేండ్లకు మించి నిలువదు. పశువులు తగ్గిన యూళ్ళలో ఏటేట దానిని తెచ్చుట యెట్లన్న ప్రశ్నకు శాస్త్రమువద్ద సులభోత్తరము లేదు.

గ్లాసులో దిగని మబ్బునకు మందు వేఱు. ఎఱ్ఱబురద నీటిని రెండు గ్లాసులలో పోసి, ఒకదానిలో చెంచాడు జిప్సము పొడి వేసి కలిపి కూర్చుండి చూచినచో, అరగంటకు లోపలనే ఆ గ్లాసులో నీరు పైనుండి తేటపడుట ఆరంభించును; రెండవది మఱునాటికిని ఎఱ్ఱగనే యుండవచ్చును. బంకరేణువు లన్నియు ఋణవిద్యుత్తు గలవి, కావున ఒకదానినొకటి త్రోసికొనును. జిప్సము కరుగగా వచ్చిన కాల్షియము రెండు ధనవిద్యుదంశములు గలదగుటచే ఆ వైరమును అణచి రేణువులను గుమికూర్చును. వాననీరు దాదాపు స్వచ్ఛజలమగుటయే ఇచ్చట ఆపదకు మూలము. లవణము లేని నీరు బంకను సులభముగ చెదరగొట్టును. చేనిపై చల్లిన జిప్సము, పడిన వాననీటికి అక్కడికక్కడనే ఇంత లవణమును చేర్చి, దాని కోఱలు తీయుచున్నది.

అనంతపురపు రైతునకు జిప్సము క్రొత్తది కాదు. ఒకప్పుడు ఏడెనిమిది లక్షల హెక్టార్లలో వేరుశనగ పండించిన ఆ సీమలో, పూత దశయందు ఎకరమునకు రెండువందల కిలోల జిప్సము మొదళ్ళదగ్గఱ వేసి మట్టి ఎగద్రోయుట వ్యవసాయశాఖవారు దశాబ్దములుగ చెప్పుచున్న మాట. నేలలోనికి దిగిన ఊడ చివర కాయ తనకు కావలసిన కాల్షియమును వేరుద్వారా కాక తన పొట్టుతోనే మట్టినుండి పీల్చుకొనును గనుక, అది లేనిచో కాయ తాలుపోవును. రైతు కాయకొఱకు వేయుచున్నాడు. మట్టికి అందు కలుగు మేలు ఉచితముగ వచ్చినది. అయితే వేళ కలియదు. పూత వచ్చునాటికి విత్తి నెల దాటియుండును, పైరు నేలను కొంత కప్పియుండును. చినుకు దెబ్బ ప్రచండముగ తగులునది అంతకు ముందటి బోడినేలపైన. మోతాదును గూడ కొంచెము లెక్క చూడవలెను. లీటరు నీటిలో కరుగు జిప్సము రెండున్నర గ్రాములు. హెక్టారునకు అయిదువందల కిలోలు వేసినచో అది పూర్తిగ కరుగుటకు రెండులక్షల లీటర్లు, అనగా రెండు సెంటీమీటర్ల వాన చాలును. నిజమునకు అంత తొందరగ కరుగదు, ముతకగింజ మఱింత ఆలస్యముగ కరుగును. అయినను విత్తుటకు ముందు పైపైన చల్లిన ఆ స్వల్పమోతాదు తొలి రెండుమూడు వానలకే కాపు కాయును. ఇజ్రాయెల్ దేశపు నేలలపై పెచ్చు కట్టకుండుటకు శాస్త్రజ్ఞులు పరీక్షించిన మోతాదులు హెక్టారునకు టన్నులలో ఉండెను.

టన్నులలో వేసి చూచినవారు ఫిన్లాండువారు. ఆ దేశపు నైరృతితీరమున బంకనేలలనుండి పోవు భాస్వరము బాల్టిక్ సముద్రములో చేరి, వేసవిలో నీలియాకుపచ్చని నాచు పొరలుగ పెరుగుటకు కారణమగుచున్నదని తెలిసి, 2016లో సావియోకి నదీపరివాహకప్రాంతమున సుమారు పదునైదువందల హెక్టార్లలో హెక్టారునకు నాలుగు టన్నుల చొప్పున హెల్సింకీ విశ్వవిద్యాలయమువారు జిప్సము చల్లించిరి. మట్టిరేణువుల నంటుకొని పోవు భాస్వరము రమారమి సగము తగ్గినది. పంటకు హాని కలుగలేదు. ఆ జిప్సము భాస్వరపు ఎరువుల తయారీలో మిగులు పదార్థము. అక్కడి శిలలో యురేనియము వంటివి స్వల్పమగుటచే అది పొలమునకు యోగ్యమైనది. మన విశాఖపట్టణమునందును అట్టి మిగులుజిప్సము గుట్టలుగ నున్నది, కాని దానికి మూలమైన శిల ఏ దేశమునుండి వచ్చినదో, అందేమి యున్నదో పరీక్షించకయే చేనికి తోలుట అవివేకము. ఇంకొక జాగ్రత్తయు ఫిన్లాండువారే చెప్పిరి. జిప్సములోని సల్ఫేటు నీటితో పోయి మంచినీటి సరస్సులలో చేరినచో, అడుగున నిదురించుచున్న భాస్వరమును మేల్కొలుపవచ్చును; సముద్రములో సల్ఫేటు ముందే సమృద్ధిగ నుండుటచే అక్కడ ఆ భయము లేదు. కావున సరస్సులలోనికి పాఱు పొలములకు వారు దానిని సిఫారసు చేయరు. మనచేల నీరు పోవునది చెరువులలోనికి. వేరుశనగకు వేయు రెండువందల కిలోలతో వచ్చు ప్రమాదమేమియు లేదు గాని, ఫిన్లాండు మోతాదును చెరువుమీది చేలకు అనుకరింప బూనువారు ఈ మాటను మఱవరాదు.

మన యిండ్లలో బురదనీటిని తేర్చుటకు చిల్లగింజను కడవలోపల అరగదీయు అలవాటు ఈనాటికిని కొన్నిచోట్ల నున్నది. ఆ గింజనుండి వచ్చు పొడవైన అణుమాలలు బంకరేణువులను ఒకదానితో నొకటి ముడివేయును. అదే పనిని కృత్రిమమైన అణుమాలతో చేయించిన ఘనత అమెరికాలో ఐడహో రాష్ట్రమున కింబర్లీ వద్ద లెంట్జ్, సోజ్కా అను వారిది. వారు 1990 తరువాతి యేండ్లలో, సాళ్ళ వెంబడి పాఱించు తడినీటిలో లీటరునకు పది మిల్లీగ్రాముల పాలీయక్రిలమైడు కలిపి, సాళ్ళనుండి పోవు మట్టిని నూటికి తొంబది పాళ్ళకు మించి ఆపగలిగిరి. హెక్టారునకు ఒక తడికి ఒక కిలో మాత్రము! ఇంత స్వల్పముతో ఇంత ఫలము మృత్తికాశాస్త్రమున అరుదు. అయితే ఋణవిద్యుత్తుగల రకమునే వాడవలెను, ధనవిద్యుత్తుగలది చేపల మొప్పలకు అంటుకొని వానిని చంపును. కాలువనీటితో సాళ్ళు పాఱించు చోట ఇది దివ్యౌషధము. ఆకాశమువైపు చూచుచు సేద్యము చేయు మెట్టరైతునకు మాత్రము దీనివలన ప్రయోజన మల్పము.

అతనికి దగ్గఱనే యున్న ఔషధము చెరువులోనిది. కొన్ని తరములుగ మీది చేలనుండి జాఱివచ్చిన బంకయు, దానికంటిన భాస్వరమును, సేంద్రియమును చెరువున పూడికగ దిగియున్నవి. పోయినదానిని పోయినచోటికే మరల తెచ్చుట ఈ చికిత్స. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు మెదకు జిల్లా చెరువుల పూడికను పరీక్షించి, తవ్వి తోలుట దండుగ కాదనియే తేల్చిరి. అయినను ఆశను లెక్కతో సరిచూచుకొనుట మేలు. హెక్టారు చేనిలో అయిదారంగుళముల లోతు మట్టి బరువు సుమారు రెండువేల రెండువందల యేబది టన్నులు. దానియందు బంక నూటికి పదిపాళ్ళున్నదనుకొని, నూటికి నలువదిపాళ్ళు బంకగల పూడికను నూఱు టన్నులు తోలినచో, బంక పదినుండి పదునొకటిన్నఱకు లోపుగనే పెరుగును. ఎకరమునకు పదునైదు ట్రాక్టరు ట్రక్కులు తోలి సాధించినది ఇంతియేనా యని నిరాశ కలుగవచ్చును. కాని మొదట ఆ మట్టి పైననే యుండును, అనగా చినుకు దెబ్బ తగులుచోట దాని పాలు ఈ లెక్కకంటె చాల ఎక్కువ. మఱియు పెంటవలె రెండేండ్లలో కరిగిపోవునది కాదు, బంక బంకగనే యుండును. తెలంగాణములో చెల్కనేలలకును దుబ్బనేలలకును చెరువుమట్టి తోలిన రైతులు దాని గుణము కొన్నేండ్లపాటు కనబడునని చెప్పుటలో అతిశయోక్తి లేదు.

చెరువంతయు ఒకే మట్టి కాదు. వాగు వచ్చి చేరుచోట బరువైన ఇసుక ముందుగ దిగును, సన్నని బంక కట్టవైపునకు పోయి నెమ్మదిగ దిగును. మంచిమట్టి కావలెనన్న కట్టవైపునకు జరుగవలెను, కట్టకు మఱీ చేరువగ తవ్వినచో కట్టయే కదలును. గుప్పెడు మట్టిని తడిపి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నొక్కి సాగదీసినప్పుడు, పట్టీవలె రెండంగుళములు తెగక సాగినది తోలుకొనదగినది. అంగుళమైన సాగక రాలిపోవునది, ఎంత నల్లగ నున్నను, బాడుగకు తగదు. ఎండినప్పుడు పైన తెల్లగ పూసినట్లున్న మట్టి చౌడు, దానిని తాకరాదు.

గడ్డియు, కందికట్టెయు, వేరుశనగ పొట్టును నేలపై పఱచుట గూడ ఈ కోవలోనిదే. చినుకును నేల తాకకుండ ఆపుటలో దానికి మించినది లేదు. అయితే పశువునకు మేత, పొయ్యికి వంటచెఱకు అను ఇద్దరు హక్కుదారులు దానికి ముందునుండియు కలరు. పత్తికట్టె, కందికట్టెలను గాలి చొఱనీయక కాల్చిన బొగ్గును నేలలో కలుపుటపై హైదరాబాదులోని కేంద్రీయ మెట్టవ్యవసాయ పరిశోధనసంస్థవారు పనిచేయుచున్నారు. కాలి బూడిదయగు కట్టెకంటె అది నిస్సందేహముగ మేలు. పైపైన చల్లి విడిచినచో మాత్రము తేలికయైన ఆ బొగ్గే మొదటి వానకు తేలి గట్టు దాటును. దీనిని మట్టిలో కలుపవలెను, జిప్సమును పైన నుంచవలెను. ఒకదాని విధి ఇంకొకదానికి పనికిరాదు.

వీనిలో ఏదియు నత్రజని నంతటిని కాపాడజాలదు. నైట్రేటు ఋణవిద్యుత్తు గలదగుటచే బంకకు అంటదు, నీటితోపాటు కరిగి క్రిందికిని ప్రక్కకును పోవును; దానికి మందు ఎరువును విడతలుగ వేయుటయే. అట్లే గంటలో ఏడెనిమిది సెంటీమీటర్లు కురియు తుపానువానకు ఎంత బలమైన కణికయైనను, ఎంత జిప్సమైనను ఆగదు. అప్పుడు గట్టే దిక్కు, గట్టునకు వదలిన నీటిదారే దిక్కు. కణికను బలపఱచుటవలన సామాన్యపువాన లోనికి దిగి, గట్టుమీద పడు భారము తగ్గును, గట్టువెంబడి పూడిక నిండుటయు తగ్గును.

ఖర్చు మాటకు వచ్చినచో, ఫిన్లాండు ప్రభుత్వము సముద్రమునకు కలుగు మేలును గణించి, రైతుచేనిలో చల్లు జిప్సమునకును, దాని రవాణాకును, చల్లినందుకును తానే పైకము చెల్లించినది. తెలంగాణ ప్రభుత్వము 2015లో మిషన్ కాకతీయ పేరిట నలువదియాఱువేలకు పైగా చెరువులను బాగుచేయ సంకల్పించినప్పుడు, పూడిక తవ్వు ఖర్చు ప్రభుత్వముదిగను, తోలుకొనిపోవు ఖర్చు రైతుదిగను నిర్ణయమైనది. చెరువులో పూడిక తగ్గినందుకు క్రింది ఆయకట్టుదారు లాభపడును. మీది చేలలో మట్టి నిలిచినందుకు రేపు ఆ చెరువు నిదానముగ పూడును గనుక ఆ లాభమును అతనిదే. ట్రాక్టరు బాడుగ మాత్రము మీది చేనివాడొక్కడే కట్టుచున్నాడు. చెరువు రెండు మైళ్ళు దూరమైనచో బాడుగ మట్టివిలువను మించును. సొంతచేను గలవాడు పదేండ్ల ఫలమును తలచి అప్పుచేసియైన తోలించును. కౌలురైతు, మఱుసటి యుగాదికి ఆ చేను తనచేత నుండునో ఉండదో తెలియక, ఎకరమునకు అయిదాఱు ట్రక్కులతో ఆగిపోవును.